ఖాదర్ చెట్టు, నీ గోధుమ బీరు

బంగారుపాళ్యం,
19 ఫిబ్రవరి 2026

పాపకు నాయిన ఆశీర్వాదాలు.

ఇక్కడ అందరం బాగుండాము. శివరాత్రి జాగరణతో మీ అమ్మ మోకాలు మళ్ళీ పట్టుకునింది, వేన్నీళ్ళ కాపడం పెడతా ఉండాము. మామిడి పూత ఈసారి బాగా నిలిచింది గానీ తేనెమంచు పురుగు కనపడతా ఉండాది, రేపు మందు కొట్టించాల. నల్లావు ఈనింది, పెయ్యదూడ. చిన్నమ్మ మనవడికి కాణిపాకంలో అక్షరాభ్యాసం చేసినారు, నిన్ను అడిగినారు.

ఫోను ఉండగా కాగితం ఎందుకంటావేమో. ఫోన్లో అయితే "పనిలో ఉండాను నాయినా" అని పెట్టేస్తావు. మూడు వారాలుగా ఆ మాట కూడా లేదు. మీ అమ్మ మెసేజీ పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి వస్తాది. ఆ బొమ్మను చూసి నువ్వు అన్నం తిన్నావో లేదో ఆమెకు ఎట్ల తెలుస్తాది?

పోయిన ఆదివారం మురళి వచ్చి పోయినాడు. ఆఫీసు వాళ్ళతో కలిసి నువ్వు బీరు చేసే ఆ బ్రూవరీకి పోయినాడంట. గోడమీది పలకలో పాత బీర్లు నాలుగింటికీ గీత కొట్టి ఉండాదంట. పోసే పిల్లోడిని అడిగితే, "పాతవి తీసేస్తా ఉండారు, మేడం ఒప్పుకోలేదు, పది దినాలుగా రావడం లేదు" అన్నాడంట. మురళి మాట నేను సగమే నమ్ముతాను, వాడి కారు సంగతి మనకు తెలిసిందే గదా. నువ్వు రాజీనామా ఇచ్చినావా అని నేను అడగడం లేదు. రూము అద్దె కట్టినావా, అది మాత్రం రాయి.

నీ పని గురించి ఊర్లో ఎవరడిగినా నేను తల దించుకోలేదు. మహిళా యూనివర్సిటీలో మైక్రోబయాలజీ చదివింది సారాయి కాచేదానికా అని మీ పెదనాయన అన్నప్పుడు విస్తరి ముందర నుంచి లేచి వచ్చినాను. నేను మొదటిసారి బెంగళూరు వచ్చినప్పుడు నువ్వు బార్లీ మాల్టును, అదే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, వేడినీళ్ళలో నానబెడతా ఉంటే, ఆ వాసన అచ్చం మా అవ్వ మొలకెత్తిన రాగులు వేయించేటప్పటి వాసన. గోధుమ బీరు ముక్కు దగ్గర పెట్టి, ఇందులో అరటిపండు వేసినారా అన్నాను. "ఏమీ వెయ్యలేదు నాయినా, పులియబెట్టే ఈస్టే ఆ వాసన పుట్టిస్తాది" అన్నావు. ఆ మాట నేను ఎంతమందికి చెప్పినానో లెక్క లేదు. పిండేసిన పిప్పి ఆవులకు పోతాదని తెలిసి నల్లావుకు ఒక మూట అడిగినాను, ఇంతవరకూ తేలేదు.

ఆ గోధుమ బీరుకు కూడా గీత కొట్టినారా?

మీ ఓనర్ల మాటలో న్యాయం లేదని నేననను. పదకొండేళ్ళ కింద ఆ బ్రూవరీ తెరిచినప్పుడు ఆ వీధిలో అట్లాంటిది మీదొక్కటే. ఇప్పుడు నాలుగు. వచ్చిన కుర్రోళ్ళు కొత్తది ఏముండాదని అడుగుతారు. ఏల్ అనే రకం బీరు అయితే ఇరవై డిగ్రీల దగ్గర పులిసి రెండు వారాల్లో తయారవుతాది, లాగరు అనే రకాన్ని పది డిగ్రీల దగ్గర పులియబెట్టి, మళ్ళీ వారాల తరబడి దాదాపు గడ్డకట్టేంత చల్లలో ఉంచాలని నువ్వే చెప్పినావు. ఉండే ఆరు ట్యాంకుల్లో రెండింటిని లాగరే పట్టుకుని కూర్చుంటే లెక్క చూసేవాడికి కష్టంగానే ఉంటాది. అది వాళ్ళ డబ్బు.

అయినా మన కింది చేను మామిడిచెట్ల సంగతి నీకు సగమే తెలుసు. మిగతా సగం ఇప్పుడు చెప్తాను.

2003లో నువ్వు రెండో తరగతి. మా నాయిన పెట్టిన నలభై మామిడిచెట్లు ఉండేవి, నీలం, రుమానీ, ఖాదర్, రెండు మూడు మల్గోవ. చిత్తూరు చుట్టూ గుజ్జు ఫ్యాక్టరీలు లారీలు లారీలుగా తోతాపురి కొంటా ఉన్నాయి. పక్క చేన్లన్నీ తోతాపురి అయిపోయినాయి. మా నాయిన చచ్చేదాకా ఒక్క కొమ్మ మార్చనీలేదు, నీలం కాయ రాలి కుళ్ళినా సరే. ఆయన పోయిన ఏడాదికే నేను ఆ చెట్ల తలలు తీసి తోతాపురి అంట్లు కట్టించాలనుకున్నాను. పాతకాలం కాయలు ఎవరికి కావాల అనిపించింది. రాయవేలూరు నుంచి ఒక సాయిబు ఏటా జూన్ నెలలో వచ్చేవాడు, ఖాదర్ కాయంతా చెట్టుమీదనే మాట్లాడుకుని, చెప్పిన ధర ఎంచి ఇచ్చి పోయేవాడు. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. నా లెక్కలోకి ఆయన రానేలేదు.

అంటు కట్టేదానికి కుప్పన్న వచ్చినాడు. "చెట్టుకు రెండు కొమ్మలన్నా ఇడిసిపెట్టు సామీ, పైన ఆకు లేకపోతే వేరు ఏం తినాల? ఏడాదికి పది చెట్లు చాలు" అన్నాడు. నాకు తొందర. వారం తిరక్కుండా నలభై చెట్లకూ నడుమెత్తున రంపం పెట్టించినాను. కోసిన చోట మైలుతుత్తం, సున్నం కలిపి పూసినాము గానీ ఆ ఎండకు బెరడు పగిలింది, తొలిచే పురుగు పడింది. పదకొండు చెట్లు చిగురే వెయ్యలేదు. మిగిలినవాటికి అంటు పట్టి, కాపు చేతికొచ్చేదానికి నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళు ఎట్ల గడిచినాయో, నీ చెవిపోగులు ఏమైపోయినాయో మీ అమ్మను అడుగు. మరుసటి జూన్‌లో సాయిబు వచ్చినాడు. మోడుల మధ్య కొంచెంసేపు నిలబడినాడు. ఒక్క మాట అనలేదు. నీ చేతిలో బిస్కెట్ పొట్లం పెట్టి పోయినాడు. మళ్ళీ రాలేదు.

ఇంటెనక ఖాదర్ చెట్టు ఒక్కటి ఎందుకు మిగిలిందో తెలుసా? నీ ఉయ్యాల దానికి కట్టి ఉండాది, ఆపొద్దు నువ్వు దిగనని మొండికేసినావు. కుప్పన్న రంపం పక్కన పెట్టి, ఇది రేపు చూద్దాము అన్నాడు. ఆ రేపు రాలేదు.

నేను నమ్ముకున్న ఆ తోతాపురికి 2025లో ఫ్యాక్టరీలు ఎనిమిది రూపాయలు, ప్రభుత్వం నాలుగు, కలిపి కిలోకు పన్నెండు అని కట్టినారు. గేట్ల ముందర ట్రాక్టర్లు వరస కట్టినాయి. అందరి చేన్లలో ఒకే కాయ, అందరికీ అవే గేట్లు. ఆ వరసలో రెండు రాత్రులు ట్రాక్టరు కింద పడుకున్నప్పుడు ఆ సాయిబు గుర్తొచ్చినాడు.

ఇదంతా విని నాయిన నా పక్షమే అనుకోవద్దు. ఆరేళ్ళుగా ఆ నాలుగు పాత బీర్ల మీద ఎవరినీ చెయ్యి వెయ్యనీలేదని సంక్రాంతికి వచ్చినప్పుడు గొప్పగా చెప్పినావు. నాకు మా నాయిన గుర్తొచ్చినాడు. పండగపూట ఎందుకని ఊరుకున్నాను. ఆ రాత్రే వరండాలో శాన్‌ఫ్రాన్సిస్కో యాంకర్ బీరు కంపెనీ గురించి చెప్పినావు గదా. 1896 నాటిది, 1965లో మూతబడే దశలో ఫ్రిట్జ్ మేటాగ్ కొన్నాడని, ముందు స్టీమ్ బీరు అనే వాళ్ళ పాత బీరునే చెడి పుల్లబడకుండా శుభ్రంగా చెయ్యడం నేర్చుకున్నాడని. 1975లో క్రిస్మస్ బీరు మొదలుపెట్టి, దాని పాళ్ళు మాత్రం ఏటేటా మార్చినాడని. ఆ ముక్క నాకు బాగా నచ్చింది. ఒకటి కదలదు, ఒకటి ఏటా కొత్తది. ఆ కంపెనీ 2021లో లేబుళ్ళు మార్చితే పాత గిరాకీలు బాధపడినారని, 2023లో మూసేసినారని కూడా నువ్వే చెప్పినావు. లేబుల్ వల్లనే మూతబడిందని నేననను, కరోనా వచ్చింది, అమ్మకాలు పడిపోయినాయి. సియెర్రా నెవాడా అనే ఇంకో బీరు కంపెనీ వాళ్ళయితే 1980 నాటి పేల్ ఏల్‌ను ఉంచుకునే, 2018లో హేజీ లిటిల్ థింగ్ అని మబ్బు మబ్బుగా ఉండే ఐపీఏ రకం బీరు తెచ్చినారు. న్యూ బెల్జియం అనే కంపెనీ వాళ్ళు ఫ్యాట్ టైర్ అనే తమ బీరు పేరు అట్లనే పెట్టి 2023లో లోపలి బీరు మార్చినారన్నావు. అది మాత్రం నువ్వు చెయ్యొద్దు. తీసేస్తే తీసేసినామని చెప్పాల. పాత పేరు చూసి అడిగినవాడి గ్లాసులో వేరేది పొయ్యకూడదు.

నాకు తెలియని పనిలో తల దూరుస్తా ఉండాను, అయినా చెప్తాను. గీత కొట్టేముందు ఆ బీరు బాగుండాదా అని చూడాల. పలకమీద పేరు పాతబడిందా, గ్లాసులోది చెడిందా? బీరు వచ్చే గొట్టాలు రెండు వారాలకొకసారి కడగాలన్నావు, కడుగుతా ఉండారా? ఎండాకాలంలో ట్యాంకరు నీళ్ళు తెప్పిస్తే ఆ నీళ్ళకు రుచి మారిందేమో పరీక్ష చేయించు. ఓనర్లను కూర్చోబెట్టి, పాతవీ కొత్తవీ పేర్లు చెప్పకుండా గ్లాసుల్లో పోసి తాగిపించు. సాయంత్రం ఒంటరిగా వచ్చి, పలకవైపు చూడకుండా ఒకటి అడిగి తాగి పోయేవాళ్ళు ఎంతమందో నెలరోజులు రాసుకో. వాళ్ళు ఏది అడుగుతారో అది ఉండాల. నల్ల బీరు డిసెంబరులో వస్తే చాలు, ఎండల్లో దానికి ట్యాంకెందుకు? నాలుగింటిలో ఒకటి పూర్తిగా వదిలెయ్యి. ఏది వదలాలో నువ్వే ముందు చెప్పు, వాళ్ళ చేత చెప్పించుకోవద్దు. ఖాళీ అయిన ట్యాంకులో నీ కింద పనిచేసే పిల్లోడిని కొత్తది ఏదైనా చెయ్యనీ.

ఏడాది పొడుగునా మామిడి బీరు పెట్టాలని చూస్తా ఉండారంట, నిజమేనా? పండులో చక్కెరంతా ఈస్టు తినేస్తాది, వాసన నిలవాలంటే పండు చివర్లో వెయ్యాలని నువ్వే అన్నావు. జూన్ నెలలో మాత్రం చెయ్యి. ఖాదర్ నాలుగు గంపలు నేను పంపుతాను. ఈసారి దానికి కొమ్మకొమ్మకూ పూత ఉండాది.

సోమవారం మురళి చేత నిప్పట్లు, చెనక్కాయల పొడి, రాగిపిండి రెండు కిలోలు, నెయ్యి పంపుతా ఉండాము. పొద్దున ఉత్త కాఫీతో పనికి పోవద్దు, ఒక గ్లాసు అంబలి తాగిపో. చల్లగదిలోకి స్వెటర్ లేకుండా పోవద్దు. పులిసే ట్యాంకుల దగ్గర కార్బన్ డయాక్సైడ్ నిలుస్తాదని చెప్పినప్పటినుంచీ నాకు నిద్ర సరిగా లేదు, ట్యాంకు కడిగేటప్పుడు ఒంటరిగా ఉండొద్దు, బయట ఒక మనిషిని నిలబెట్టుకో.

మీ అమ్మ ఇప్పుడే ఇదంతా చదివించుకునింది. "ఇన్ని కాగితాలు రాసినావు, అడగాల్సింది అడగలేదు" అంటా ఉండాది. సరే, అడుగుతాను. రాజీనామా ఇచ్చినావా? ఇచ్చుంటే ఇంటికి రా. ఇయ్యకుంటే ఆదివారానికన్నా రా, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం సంగటికి ఇంట్లో ఉంటావు. పోయినసారి పట్టుకుపోయిన స్టీలు క్యారియరు తే, మీ అమ్మ రోజూ దాన్నే తలుచుకుంటా ఉండాది.

ఇట్లు,
నాయిన