చిన్నాకి, ఆ డాస్ ల్యాప్‌టాప్ గురించి

అమలాపురం,
ఆదివారం మధ్యాహ్నం

నాన్నా చిన్నా,

నిన్న నువ్వు ఫోన్లో ల్యాప్‌టాప్ సంగతి చెబుతుండగానే మన శుభలేఖల కొట్లోకి బేరం వచ్చింది. తర్వాత మాట్లాడదాంలే అని పెట్టేశాను గానీ రాత్రంతా అదే ఆలోచన. ఫోన్లో చెబితే "సరే అమ్మా, సరే అమ్మా" అని ఊఁ కొట్టి ఊరుకుంటావు. అందుకే రాస్తున్నాను. ఏ ఫోన్లోనైనా తెలుగు తెలుగులాగే కనబడే యూనికోడ్‌లోనే కొడుతున్నాలే, నీ ఫోన్లో సరిగ్గానే కనబడుతుంది.

కాకినాడ షాపాయన చెప్పింది నాకు అర్థమైంది. మోడల్ ఒకటే. విండోస్‌తో తీసుకుంటే ఒక రేటు, 'డాస్' అయితే, అంటే విండోస్ లేకుండా అయితే, అయిదు వేలు తక్కువ. డాస్‌ది తీసుకుంటే విండోస్ తనే ఫ్రీగా వేసిస్తానన్నాడు. మిషను మంచిదే, రేటూ బాగానే ఉంది. ఆ 'ఫ్రీగా' అన్న మాట దగ్గరే నాకు భయం.

నువ్వు ఎనిమిదో క్లాసులో ఉండగా మన కొట్లో జరిగింది నీకు పూర్తిగా తెలీదు. మాఘమాసం, ముహూర్తాలు. చేతిలో పదకొండు శుభలేఖలు ఉన్నాయి. మామిడికుదురు నుంచి పెళ్ళివారు ప్రూఫ్ చూసుకోవడానికి వచ్చి బల్ల మీద కూర్చున్నారు. ఫైలు మీద క్లిక్ చేస్తే తెరుచుకోదు. పేరు చివర ఏదో కొత్త తోక. ఏ ఫోల్డరు తెరిచినా అందులో ఇంగ్లీషులో ఒక చీటీ: ఇన్ని డాలర్లు కడితే తాళం తీస్తాం అని. నేను వాళ్ళకి మంచినీళ్ళిచ్చి, కరెంటు సరిగ్గా లేదండీ అని అబద్ధమాడాను. సొరుగులో పడున్న పాత ప్రూఫ్ కాగితాలు చూసుకుంటూ ఆ రాత్రి మీ నాన్న చదువుతుంటే నేను మళ్ళీ కొట్టాను. ఆ కంగారులో ఒక కార్డులో పెళ్ళికూతురి పేరు ముందు చి.ల.సౌ. పోయి ఉత్త చి. పడింది. మూడొందల కార్డులు మన ఖర్చు మీద మళ్ళీ వేసిచ్చాం.

ఆ కంప్యూటర్లో ఉన్నది మూడొందలకి ఒక కుర్రాడు వేసిపెట్టిన క్రాక్ విండోస్, అంటే లైసెన్సు లేని దొంగ కాపీ. దాన్ని అసలుదని నమ్మించే యాక్టివేటర్ నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపాలి. కుర్రాడు ఆపాడు, మళ్ళీ పెట్టలేదు. తాళం ఆ క్రాక్‌లోంచే వచ్చిందో, ఏ కస్టమరు పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చిందో ఒట్టేసి చెప్పలేను. గుమ్మం దగ్గర కాపలా తీసేసింది మాత్రం మనమే.

ఇక లైసెన్సు సంగతి. విండోస్ కొంటున్నాం అంటాం గానీ నిజానికి కొనేది వాడుకునే హక్కు. ల్యాప్‌టాప్‌తో కంపెనీవాళ్ళే వేసిచ్చేదాన్ని ఓఈఎం అంటారు. అది దొడ్లో కొబ్బరిచెట్టు లాంటిది. స్థలం అమ్మితే చెట్టూ దాంతోనే పోతుంది, పీక్కుని ఇంకో ఊరు పట్టుకెళ్ళలేవు. ఆ ఒక్క మిషనుకే కట్టుబడి ఉంటుంది. రేటు తక్కువ పడేది అందుకే. విడిగా కొనే రిటైల్ లైసెన్సు కుండీలో మొక్క. పాత మిషను మీంచి తీసేసి కొత్తదాంట్లో వేసుకోవచ్చు, కానీ ఖరీదు వేలల్లో ఉంటుంది. ల్యాప్‌టాప్‌కి ఓఈఎం చాలు. దాని కీ, అంటే లైసెన్సు నంబరు, మదర్‌బోర్డులోనే రాసి ఉంటుంది కాబట్టి రేపు ఫార్మాట్ చేసి అదే ఎడిషన్ వేసినా తనంతట తనే యాక్టివేట్ అవుతుంది.

నీ ఫ్రెండు నాలుగొందలకి ఆన్‌లైన్లో విండోస్ 'ప్రో' ఎడిషన్ కీ కొన్నాడన్నావు. అలాంటివి చాలావరకు కంపెనీలకో కాలేజీలకో గుత్తగా ఇచ్చిన కీలు. ఎవరి పొలాన్నో ఎవరో నీకు కౌలుకి రాసిచ్చినట్టు. అసలువాళ్ళు వచ్చి లెమ్మంటే లేవాల్సిందే. నీకు ప్రో అక్కర్లేదు కూడా. మన దగ్గర ల్యాప్‌టాప్‌లకి ఎక్కువగా 'హోమ్ సింగిల్ లాంగ్వేజ్' అనేది వేసిస్తారు. ఆ పేరు చూసి తెలుగు రాదేమో అనుకోకు. మెనూలు కనబడే భాష మార్చుకోలేమనే గానీ తెలుగు టైపింగ్‌కి దాంతో పేచీ లేదు.

డాస్ అంటే ఏంటో ఆయన నీకు చెప్పలేదనుకుంటా. సాధారణంగా ఫ్రీడాస్ అని ఉచితంగా దొరికే చిన్న సిస్టం. తెర వెలుగుతోంది, మిషను బతికే ఉంది అని చూపించడానికి తప్ప నీ చదువుకి పనికిరాదు. అలాగని డాస్‌ది కొనడం తప్పు కాదు. కొని ఉబుంటు అనే ఉచిత లినక్స్ సిస్టం వేసుకుంటే అది నిక్షేపం లాంటి పని. లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టింది 1991లో, అప్పటికి అతను నీలాగే కాలేజీ కుర్రాడు. దాని లైసెన్సు మన ఊహకి తిరగేసి ఉంటుంది. ఎన్ని మిషన్లలోనైనా వేసుకో, ఎవరికైనా కాపీ ఇవ్వు, లోపలి కోడ్ చదువు, మార్చు. మార్చినదాన్ని పంచిపెడితే మాత్రం ఆ కోడ్ కూడా అదే షరతుల మీద ఇవ్వాలి. ఉబుంటులో ఎల్‌టీఎస్ అన్నదే తీసుకో. రెండేళ్ళకోసారి ఏప్రిల్‌లో వస్తుంది, అయిదేళ్ళు అప్‌డేట్లు ఇస్తారు. మీ సీ, పైథాన్, జావా దాని మీద హాయిగా నడుస్తాయి.

ఇన్ని చెప్పి నువ్వెందుకు వేసుకోలేదమ్మా అంటావు. నేను విండోస్‌ని ఎంచుకోలేదు నాన్నా, 'అను' అనే పాత తెలుగు ఫాంట్లూ, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరూ ఎంచుకున్నాయి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0, అది 2001 నాటిది. ఇప్పటికీ నా శుభలేఖలన్నీ అందులోనే. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరాల చోట్లో దాక్కుని ఉంటుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే 'శ్రీరస్తు శుభమస్తు' ఉండాల్సిన చోట ఎఫ్‌లూ, డాలర్ గుర్తులూ, బ్రాకెట్లూ కనబడతాయి. ఇరవై ఏళ్ళ పని అలా ఇరుక్కుపోయింది. ఈలోగా విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. 11 వేద్దామంటే మన కొట్లో ఉన్నది నాలుగో తరం ఐ3 ప్రాసెసరు. వాళ్ళు అడిగేది ఎనిమిదో తరం నుంచి, పైగా టీపీఎం 2.0 అనే చిప్పు. మిషను బాగానే ఉంది, పనికిరాదు అంటున్నారు. నీకింకా ఏ ఫాంటూ సంకెళ్ళు వెయ్యలేదు. ఇప్పుడే చూసుకో.

నా మాటకొస్తే విండోస్ వేసున్నదే తీసుకో. ప్లేస్‌మెంట్ పరీక్షల సాఫ్ట్‌వేర్లు కొన్ని విండోస్ మీదే నడుస్తాయి, ఆ రోజు టెన్షన్ పడలేం. పక్కన ఖాళీ వదిలి ఉబుంటు కూడా వేసుకో, ఆన్ చేసేటప్పుడు ఏది కావాలో అదే అడుగుతుంది. పైన పడే అయిదు వేలు నేను పంపిస్తాను. మొన్నటి కొబ్బరి దింపు డబ్బులు ఉన్నాయి, మీ నాన్నకి చెప్పాల్సినట్టు చెబుతాలే.

షాపులో రెండు పనులు మర్చిపోకు. బిల్లులో విండోస్ పేరు రాయించు. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు మైక్రోసాఫ్ట్ ఖాతా నీ మెయిల్‌తోనే తెరువు, త్వరగా అయిపోతుందని వాళ్ళది వాడనివ్వకు. ఇప్పుడు డిస్కుకి దానంతట అదే తాళం పడిపోతోంది, దాన్ని తీసే రికవరీ కీ ఆ ఖాతాలోకే వెళుతుంది. రేపెప్పుడో అడిగితే అతనెక్కడుంటాడో! ఇంటికొచ్చాక విండోస్ మీటా, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఎస్‌ఎల్‌ఎమ్‌జీఆర్, ఒక ఖాళీ, స్లాష్, డీఎల్ఐ అని కొట్టు. ఓఈఎం అని వస్తే మనది. గుత్త కీల గుర్తులైన వాల్యూమ్ అనో కేఎంఎస్ అనో ఉంటే పెట్టెలో పెట్టి వెనక్కి తీసుకెళ్ళు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఒకటి పట్రా. ఇన్‌స్టాల్ చెయ్యకుండానే నడిపి చూడొచ్చంటారుగా, కొట్లో ఐ3 మీద పెడదాం. ప్రింటరు పలికితే బిల్లులూ, యూనికోడ్ పనులూ దాని మీదకి మార్చేస్తాను. కనుమ నాడు మాత్రం కంప్యూటర్ ముట్టుకోనివ్వను, జగ్గన్నతోటకి ప్రభలు చూడ్డానికి మీ నాన్న ఆటో మాట్లాడేశారు.

అమ్మ