చర్చిలో గురక

అరేయ్ బక్కోడా,

ముందు తిట్టుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, తప్పు నాదే. మిర్చి సీజన్ కదా, వరంగల్ ఎనుమాముల మార్కెట్లో తుమ్మడానికి కూడా టైమ్ లేదు. ఇది కూడా తక్‌పట్టీ కాగితాల (సరుకు అమ్మిన లెక్క చీటీల) వెనకే రాస్తున్నా, ఎర్రటి మరకలు చూసి నా రక్తం అనుకోకు. అమ్మ బాగుంది. చెల్లెకు సంబంధం ఇంకా కుదరలేదు. మన చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు (ఇది ఫలానా ప్రాంతపు సరుకే అని ఇచ్చే ముద్ర) వచ్చింది: చూడటానికి ఎర్రగా మండుతున్నట్టుంటుంది, నోట్లో వేసుకుంటే కారం ఉండదు, అచ్చం నీ కోపమే. వార్తలు ఐపోయినయ్.

అసలు సంగతి వినరా. నేను చర్చిలో నిద్రపోయిన. కునుకు కాదు, గురక పెట్టి, వెల్లకిలా!

శనివారం, ఆదివారం మార్కెట్ బంద్ అని పేరే కానీ, మా సేటు శనివారం రాత్రంతా లెక్కలు రాయించిండు. పొద్దున ఇంటికొస్తే అమ్మ గుమ్మంలో బైబిలు పట్టుకుని నిలబడింది, ఏమనగలను? పోయి మగవాళ్ల వైపు గోడకు ఆనుకుని జంపఖానా మీద కూర్చున్న. పాస్టరుగారు ఏలీయా గురించి మొదలుపెట్టిండు. నువ్వు క్రిస్మస్ కేకు కోసం తప్ప ఆ గేటు దాటనోడివి, నీకు చెప్పాలి: ఏలీయా అంటే పెద్ద ప్రవక్త, రాణి చంపుతానంటే అడవిలోకి పారిపోయి ఒక చెట్టు కింద కూర్చుని, "ఇంతమట్టుకు చాలును", నా ప్రాణం తీసుకో అని దేవుణ్నే అడుగుతాడు. ఆ "చాలును" దగ్గర నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. నాన్న పోయిన కాన్నుంచి రాత్రి కళ్లు మూస్తే చాలు, అప్పు మీద మిత్తి లెక్కలు... సరే, అది వదిలేయ్. ఆ మాట తర్వాత నాకేమీ గుర్తులేదు.

మెలకువ వచ్చేసరికి ఒంటిగంటన్నర. చర్చి ఖాళీ. నా తల కింద ఎవరిదో కండువా మడతపెట్టి ఉంది. ఫ్యాన్ తిరుగుతనే ఉంది. చర్చి ఊడ్చే పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని ఎల్లిపాయలు ఒలుస్తున్నది. "లేస్తివా బిడ్డా? బంద్ చేస్తే లేస్తవని ఫ్యాన్ బంద్ చెయ్యలే" అన్నది. మనిషి మొత్తం మీద నాతో అన్న మాట అదొక్కటే. తర్వాత టిఫిన్ డబ్బా మూత మీద ఒక జొన్నరొట్టె, ఇంత పచ్చడి పెట్టి చెంబుతో నీళ్లు నా ముందుకు జరిపింది. సిగ్గుతో చచ్చిపోయిన, తిన్న కూడా.

ఇంటికొచ్చి, నేను నిద్రపోయినంక ఏమైందో చూద్దామని బైబిల్ తీసిన, మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం. ఆ చెట్టు కిందనే ఏలీయా నిద్రపోతాడురా! దేవుడు ఒక్క మాట అనడు. దేవదూత తట్టి లేపి తినమంటాడు, చూస్తే తలదగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు. తిని మళ్లీ పడుకుంటాడు! మళ్లీ లేపి మళ్లీ పెడతాడు. ఉపదేశాలు, ప్రశ్నలు అన్నీ తర్వాతే. నా ఒళ్లు జలదరించింది. పెద్దమ్మకు ఈ కథ గుర్తుండి పెట్టిందా, ఆకలిగా ఉన్ననని పెట్టిందా... అడగను, అడిగితే చెడిపోతది.

ఆ గోడ మీద నీలిరంగుతో రాసిన వాక్యం చిన్నప్పటి నుంచి చూస్తున్న కదా, ప్రయాసపడి భారం మోసుకునేవాళ్లు నా దగ్గరకు రండి, విశ్రాంతి ఇస్తా అని, మత్తయి 11:28. ఇన్నేళ్లూ దాన్ని "ముందు భారం దించి రండి" అన్నట్టే చదివిన. అప్పు తీరినంక పోదాం, చెల్లె పెళ్లయినంక కుదురుగా కూర్చుందాం అని. అందులో ఆ షరతే లేదురా.

అద్భుతం జరిగిందనుకునేవు, ఏం లేదు. అప్పు అట్లనే ఉంది. రెండు రాత్రులు బాగా పడుకున్న, మూడో రాత్రి మళ్లీ మిత్తి లెక్కలు. కానీ ఈసారి లేచి లైటు వేసి లెక్క రాయలేదు, "చాలును" అనుకుని అటు తిరిగి పడుకున్న. నీ ముచ్చట ఏమైందో రాయి, అన్నట్టు నీకు ఇంకోటి చెప్పాలి, ఆ కండువా ఎవరిదో తెలిసింది, నమ్మవు, మన...

జెండా పాట (మిర్చి వేలం) మొదలైంది, సేటు కేకేస్తున్నడు. మళ్లీ రాస్త.

నీ ఘాటుగాడు