3(కె) సెక్షన్‌ను నీరుగార్చవద్దు

సంపాదకులకు నమస్కారం. ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాముకు పేటెంటు, అంటే ఒక ఆవిష్కరణ మీద గుత్తహక్కు, ఇవ్వకూడదనే మన పేటెంట్ చట్టంలోని 3(కె) సెక్షన్ గురించి ఈ ఉత్తరం.

ఇంజినీరింగ్ కళాశాలలో జావా అనే ప్రోగ్రామింగ్ భాష పాఠం మొదలుపెట్టిన రోజే నేనొక ప్రయోగం చేసి చూపిస్తాను. విండోస్ కంప్యూటర్‌లో కంపైల్ చేసిన (నడపడానికి వీలైన రూపంలోకి మార్చిన) చిన్న ప్రోగ్రామును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, పక్క బల్ల మీది లినక్స్ యంత్రంలో నడుపుతాను. ఒక్క అక్షరం మార్చకుండానే నడుస్తుంది. మధ్యలో వర్చువల్ మెషీన్ అనే దుబాసీ ఉండబట్టే అది సాధ్యం. పేటెంటు దెబ్బ తగిలేది సరిగ్గా ఆ దుబాసీకే.

ఫొటో ఫిల్ముల కొడాక్ కంపెనీ 1997లో వాంగ్ లేబొరేటరీస్ నుంచి కొన్ని పాత పేటెంట్లు కొనుక్కుంది. ఒక ప్రోగ్రాము తన పనికి మరో ప్రోగ్రాము సాయం అడిగే పద్ధతి మీద హక్కులవి. ప్రోగ్రాములన్నీ చేసే పని అది! జావా వాటిని ఉల్లంఘించిందని 2004లో అమెరికాలోని రోచెస్టర్‌లో జ్యూరీ తేల్చింది. కొడాక్ వంద కోట్ల డాలర్లకు పైగా అడిగితే, జావాను రూపొందించిన సన్ మైక్రోసిస్టమ్స్ 9.2 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడింది. సన్ కట్టగలిగింది. నలుగురు కుర్రాళ్లు కలిసి ఒక కొత్త ప్రోగ్రామింగ్ భాషకు అలాంటి దుబాసీయే అయిన ఇంటర్‌ప్రెటర్ రాస్తే వాళ్లెక్కడి నుంచి తెస్తారు? ఎవరిదీ చూసి రాయలేదు, సొంతంగా ఆలోచించుకున్నామని మొత్తుకున్నా పేటెంటు దావాలో అది చెల్లదు.

తర్వాత సన్‌ను కొన్న ఒరాకిల్ 2010లో ఏడు పేటెంట్లు పట్టుకుని ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌ను కోర్టుకు లాగింది. పేటెంట్ల ఉల్లంఘన లేదని 2012లో జ్యూరీ చెప్పినా, దానితోపాటే మొదలైన కాపీరైట్ తగవు 2021 దాకా సాగింది.

మన పేటెంట్ చట్టంలోని 3(కె) సెక్షన్ ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామును ఆవిష్కరణగా గుర్తించదు. 2004 డిసెంబరులో ఆర్డినెన్సుతో దాన్ని సడలించబోతే, మరుసటి ఏడాది పార్లమెంటు ఆ సడలింపును పక్కన పెట్టింది. చట్టసభ మూసిన తలుపు ఇప్పుడు పేటెంట్ కార్యాలయం మార్గదర్శకాల దారిన తెరుచుకుంటోందని నా ఆందోళన. ప్రోగ్రాముతో పాటు కొత్త హార్డ్‌వేర్ కూడా ఉండాలని 2016 ఫిబ్రవరి మార్గదర్శకాలు షరతు పెట్టాయి. 2017లో దాన్ని తీసేశారు. రాసినవారి కష్టానికి రక్షణ వద్దని నేననను. రాసిన ప్రోగ్రామును ఎవరూ నకలు కొట్టకుండా కాపీరైట్ ఉండనే ఉంది. కానీ పద్ధతి మీదే గుత్తహక్కు ఇస్తే, మా ల్యాబులో కూర్చుని సొంత భాష తయారుచేసుకునే విద్యార్థికి కాలు మోపే చోటుండదు.

కొత్త హార్డ్‌వేర్ షరతును కేంద్రం తిరిగి తేవాలి. మార్గదర్శకాల్లో కాదు, చట్టంలోనే రాయాలి.

– ఒక కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు, గుంటూరు