పాల రిజిస్టరు చూసినాక నీకు రాస్తున్నా

జమ్మలమడుగు తట్టు మన ఊరి నుంచి,
ఆదివారం

రేయ్ మామా,

నువ్వు పంపిన పుస్తకాలు చదివినా. ఫోన్లో మాట్లాడదామంటే నువ్వు లైబ్రరీలో ఉంటావు, నేను పాల వ్యాన్ వచ్చే టయానికి కేంద్రం దగ్గర ఉండాల. అందుకే తీరిగ్గా రాస్తున్నా, నువ్వూ తీరిగ్గా చదువు.

నీ పరిశోధన కోసం మన ఊళ్లో ఫ్యాక్షన్‌లో మొగుళ్లను, కొడుకులను పోగొట్టుకున్న ఆడవాళ్ల మాటలు రికార్డు చేసి పంపమన్నావు. చేస్తా. కానీ ఎట్ల అడగాల, ఎట్ల వినాల అనే దాని మీద నీతో చానా మాటలుండాయి.

ముందు ఇటలీ రచయిత ప్రీమో లేవీ సంగతి. ఆష్‌విట్జ్ అనే నాజీల చావు క్యాంపు నుంచి బతికొచ్చిన మనిషి రాసిన పుస్తకాన్ని పెద్ద ప్రచురణ సంస్థ వద్దనడమేంది మామా! 1947లో ఒక చిన్న సంస్థ వేసింది, 1958లో గానీ ఆ పెద్ద సంస్థ మనసు మార్చుకోలేదు. దానికన్నా నన్ను పట్టుకున్నది ఆయన క్యాంపులో ఉండగా కన్న కల. ఇంటికి పోయి, ఆకలి గురించి, దెబ్బల గురించి చెప్తుంటాడు. ఎవరూ పట్టించుకోరు. సొంత చెల్లెలే లేచి వెళ్లిపోతాది. అక్కడున్న వాళ్లలో చానా మందికి అదే కల వచ్చేదంట. అది చదివి పుస్తకం మూసి పెట్టినా. ఎందుకంటే మన ఊళ్లో అది కల కాదు. పోలీసులు వచ్చి రాసుకున్నారు, పేపరోళ్లు వచ్చి రాసుకున్నారు, కోర్టులో వకీలు "అప్పుడు వెలుతురు ఎంత ఉండింది, నువ్వు ఎంత దూరంలో ఉండావు" అని అడిగినాడు. కేసు అయిపోయినాక ఒక్కరూ రాలేదు. ఆ రాత్రులు ఎట్ల గడిచినాయి తల్లీ అని అడిగినవాళ్లు లేరు.

మా వీధి చివర పెద్దమ్మ నీకు గుర్తుండే ఉంటాది, మనకు జున్ను పెట్టేది. ఆమె దగ్గర మొన్న కూర్చున్నా. నేను అడక్కముందే మొదలుపెట్టింది. మొదటి మాట నుంచి ఆఖరి మాట దాకా ఎక్కడా తడబాటు లేదు. చిన్నప్పుడు విన్నప్పుడూ ఇవే మాటలు, ఇదే వరస. సాక్ష్యం చెప్పడానికి వకీలు నేర్పిన వరస అది. ఏళ్లు గడిచేకొద్దీ అదే ఆమె జ్ఞాపకం అయి కూర్చుంది. లేవీ 1986 నాటి పుస్తకంలో ఇదే అంటాడు కదా, పదే పదే కథగా చెప్పిన జ్ఞాపకం గట్టిపడి, అసలు జ్ఞాపకం ఉండాల్సిన చోట అదే పెరుగుతాదని. నువ్వు రికార్డర్ పెట్టి "ఏం జరిగింది పెద్దమ్మా" అని అడిగితే నీకు వచ్చేది ఆ కోర్టు కథే.

ఆమె కథ ముగించి చెంబు తీసుకుని లేచింది. అప్పుడే ఎవరో పొలంలో కొయ్యకాలు తగలబెట్టినారు, పొగ ఇటు తిరిగింది. చెంబు కింద పెట్టేసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని అట్లనే నిలబడిపోయింది. చేతి వేళ్లు వణుకుతున్నాయి. చానా సేపటికి "ఆ పొద్దు వామి కాల్చినారు నాయనా. మనిషిని ఎట్లా తీసినారు, నోరులేని దానికి మేత గూడా లేకుండా చేసినారు" అనింది. ఇన్నేళ్లలో ఆమె నోట వామి మాట నేను వినలేదు. కోర్టుకు అది అక్కర్లేదు గదా, అందుకని ఆ వరసలో దానికి చోటు దొరకలేదు. ఆష్‌విట్జ్ నుంచే బతికొచ్చిన ఫ్రెంచి రచయిత్రి షార్లెట్ డెల్బో చెప్పిన రెండు జ్ఞాపకాలు ఇవేనేమో అనిపించింది: తేదీలు, వరస ఉండి పదిమందికీ చెప్పగలిగేది ఒకటి, ఒంట్లో దాక్కుని వాసనకో దాహానికో లేచేది ఇంకొకటి. డెల్బో తన మొదటి పుస్తకాన్ని తిరిగొచ్చిన కొత్తల్లోనే రాసి, 1965 దాకా అచ్చుకు ఇవ్వకుండా పెట్టుకుందంటే, ఆ ఓపిక వెనక ఏముందో ఇప్పుడు రొంత అర్థమైతోంది.

ఇంక రిజిస్టరు సంగతికి వస్తా. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

ఇంటాయన పోయినాక సంగతి చెప్తా పెద్దమ్మ ఎప్పుడూ ఒక మాట అంటుంది: "మూన్నెల్లు నేను మంచం దిగలేదు. ఎనుము వట్టిపోయింటాది అనుకున్యా." పాల సొసైటీ పాత సెక్రెటరీ ఇంట్లో ట్రంకుపెట్టె నిండా పాత పుస్తకాలుండాయని నీకు తెలుసు గదా. ఆ యేడు పుస్తకం తీయించి చూసినా. తారీకు, పూట, లీటర్లు, ఫ్యాట్, రూపాయలు. పెద్దమ్మ మెంబరు నంబరు ఎదురుగా కొన్ని పూటలు ఖాళీ. తర్వాత మళ్లీ అంకెలు మొదలైనాయి! అంతకుముందు పూటకు నాలుగు లీటర్లు పోసిన మనిషి లెక్కలో ఒకటిన్నర, ఒకటీ ముప్పావు. అక్కడి నుంచి ఆ మూన్నెల్లూ ఒక్క పూట తప్పకుండా ఉండాయి. నీలాంటి పరిశోధకుడు ఇక్కడ ఏం రాస్తాడు? "జ్ఞాపకం నమ్మదగింది కాదు" అనా?

పాత సెక్రెటరీని అడిగినా. ఆయన చానా సేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పినాడు. ముగ్గురు ఆడవాళ్లు వంతులేసుకుని ఆ ఎనుమును పిండేవాళ్లంట. కొత్త చెయ్యి తగిలితే ఎనుము చేపదు గదా, పెద్దమ్మ పాత చీర కట్టుకుని పోయి కూర్చునేవాళ్లంట, ఆ వాసనకు చేపేదంట. ఆ పాలు తమ నంబరు మీద కాకుండా పెద్దమ్మ నంబరు మీదే పోసినారు. ఆ ముగ్గురిలో ఒకామెది అవతలి వర్గం వీధి. చీకటితో వచ్చి చీకటితోనే పోయేదంట. ఆమె పేరు ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. బిల్లులు దాచిపెట్టి, పెద్దమ్మ లేచి తిరిగిన రోజు చేతిలో పెట్టినాడంట. పెద్దమ్మకు అది గుర్తే లేదు.

బతికొచ్చినవాళ్ల సాక్ష్యాలు విన్న మానసిక వైద్యుడు డోరీ లౌబ్ రాసిన నాలుగు చిమ్నీల సంగతి నువ్వే నాకు చెప్పినావు. 1944 అక్టోబరులో ఆష్‌విట్జ్‌లో ఖైదీలు తిరగబడినప్పుడు నాలుగు చిమ్నీలు పేలినాయని ఒకామె చెప్తే, పేలింది ఒకటే గదా, ఆమె మాట పనికిరాదని చరిత్రకారులు అన్నారు. అక్కడ తిరగబడడం అనేది జరగగలదని ఆమె కళ్లారా చూసింది, సాక్ష్యం దానికి అన్నాడు లౌబ్. నేను ఆయన పక్షమే. కానీ మన రిజిస్టరు చూసినాక ఇంకొకటి కూడా అనిపిస్తోంది. బతికినామె మాట ఒక్కటే వింటే కథ పూర్తి కాదు. ఆమె మంచంలో ఉన్నప్పుడు ఆమె బతుకును లాక్కొచ్చినవాళ్లు ఎవరో ఉంటారు. వాళ్ల సాక్ష్యం ఏ పుస్తకంలోనూ ఉండదు. మన ఊళ్లో మాత్రం లీటర్ల లెక్కలో ఉంది. లేవీ తన రాతకు ఫ్యాక్టరీల్లో వారం వారం రాసే రిపోర్టే నమూనా అన్నాడంటే మొదట నాకు వింతగా అనిపించింది. ఇప్పుడు అనిపించట్లేదు.

సొసైటీ ఉంది గనకనే ఇది జరిగింది మామా, ఇది నేను గట్టిగా నమ్ముతున్నా. ఏజెంటుకు పోసే పాలైతే ముందే అడ్వాన్సు ఇచ్చి ఉంటాడు, లెక్క ఆయన జేబులో ఉంటాది, ఇంటాయన పోయినాడనగానే అప్పు కింద ఎనుమునే తోలుకుపోతాడు. సొసైటీలో ఆమెకు ఒక షేరు ఉంది, ఒక నంబరు ఉంది. మంచంలో పడినా ఆ నంబరు ఆమెదే. 1946లో గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు పోల్సన్ అనే ప్రైవేటు పాల కంపెనీకి పాలు పోయకుండా 15 రోజులు సమ్మె చేసింది ఇందుకే గదా, మన పాల లెక్క మన చేతిలో ఉండాలని. అమూల్ కురియన్ అక్కడికి చేరింది ఆ తర్వాత, 1949లో. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ అనే పాల పథకం ఆ పద్ధతిని దేశమంతా తిప్పింది. మహిళా సొసైటీలకు 1986-87లో ఆడవాళ్ల శిక్షణకు, ఉపాధికి వచ్చిన స్టెప్ పథకం కూడా దన్నుగా నిలిచింది.

అట్లని రిపోర్టుల్లో రాసినట్టు పాలు పోసిన ప్రతి ఆడమనిషికీ అధికారం వచ్చేసిందంటే నేను ఒప్పుకోను. మన ఊళ్లో మెంబర్షిప్పు ఆడవాళ్ల పేరున, బిల్లు మగవాళ్ల జేబులో. బిల్లు నేరుగా తమ చేతికి మొదట అందుకున్న ఆడవాళ్లు మొగుడు పోయినవాళ్లే. ఈ మాట రాయడానికే చెయ్యి రావట్లేదు, కానీ మన ఊరి మటుకు నిజం అదే. పాలతో గాయం మానింది అని కూడా నువ్వు రాయొద్దు. పొగ వాసనకు ఆమె వేళ్లు ఇంకా వణుకుతున్నాయి. రోజుకు రెండు పూటలు క్యాను దగ్గరికి వచ్చి నిలబడాల్సిన పని ఒకటి ఉండింది, అక్కడ నలుగురు ఆమెను చూసేవాళ్లు, ఒక పూట రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్లు. అంత మటుకే నేను చెప్పగలను.

అందుకే నువ్వే రా మామా. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి అంతటాయన గుజరాత్‌లో ఆనంద్ దగ్గర అజర్‌పురా అనే పల్లెలో ఒక రాత్రి ఉండి, రైతుల ఇళ్లకు పోయి వాళ్లతో మాట్లాడినాడు. ఆ మరుసటి యేడే ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి బోర్డు) పుట్టింది. నువ్వు ఒక వారం ఉండు. రికార్డర్ తేవొద్దు, కనీసం మొదటి నాలుగు రోజులు. పొద్దున ఆరింటికి పాల కేంద్రం అరుగు మీద కూర్చో. ఆడవాళ్లు ఫ్యాట్ చీటీ కోసం నిలబడినప్పుడు మాట్లాడుకునేది విను. వాళ్లు కాలాన్ని యేళ్లతో లెక్కపెట్టరు, "నల్ల ఎనుము రెండో ఈత ఈనిన యేడు" అంటారు. నువ్వు నోట్సులో తేదీ కోసం వాళ్లను ఆపొద్దు, పాత పుస్తకాల్లో చూసి తేదీ నేను పట్టిస్తా.

రిజిస్టరు ఫోటోలు మాత్రం ఇప్పుడే పంపను. ఆ చీర సంగతి పెద్దమ్మకు చెప్పాలా వద్దా అనేది పాత సెక్రెటరీ, ఆ ముగ్గురిలో ఇప్పుడు బతికున్న ఇద్దరూ తేల్చాల. వాళ్లు సరేనంటే అప్పుడు చూద్దాం. అప్పటిదాకా నీ గైడుకు కూడా చెప్పొద్దు, ఊరి పేరు ఎక్కడా రాయొద్దు. ఆ అవతలి వీధి ఆమె మనవళ్లు ఈ పొద్దుకీ ఇక్కడే ఉండారు.

ప్రొద్దుటూరులో దిగితే ఫోన్ చెయ్, బండేసుకుని వస్తా. డెల్బో పుస్తకం ఇంకొకటి ఉంటే తీసుకురా.

నీ,
మామ