మాటకు శిక్షా, చేతకు శిక్షా?

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో భారతీయుల మీద సోషల్ మీడియాలో విషం కక్కుతున్నవాళ్లను అక్కడి ప్రభుత్వం జైల్లో ఎందుకు వేయదు, విద్వేషపు మాటకే జైలు వేసే జర్మనీ లాంటి చట్టం ఎందుకు తేదు అని అడుగుతూ ఈమధ్య మీ పేజీలో ఒక పాఠకుడి లేఖ వచ్చింది. ఆయన బాధ నాకు తెలుసు. మా అక్క కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు, హెచ్-1బి గొడవ ముదిరినప్పుడు వాడు పంపిన స్క్రీన్‌షాట్లు నేను పూర్తిగా చదవలేకపోయాను. అయినా సరే, ఆయన అడుగుతున్న చట్టం వద్దనే అంటాను.

మనవాళ్లెవరూ మరిచిపోని కేసే తీసుకుందాం. 2017 ఫిబ్రవరి 22, కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేత. కూచిభొట్ల శ్రీనివాస్ ఆఫీసు అయ్యాక స్నేహితుడితో కలిసి ఒక బార్‌లో కూర్చున్నాడు. ఒక తెల్లజాతీయుడు వాళ్ల దగ్గరకొచ్చి ఏ వీసా మీద ఉన్నారు, అసలు ఇక్కడ ఉండే హక్కు మీకుందా అని నిలదీశాడు, నోటికొచ్చినట్టు తిట్టాడు. అతన్ని బయటికి పంపేశారు. కాసేపటికి తుపాకీతో తిరిగొచ్చి, నా దేశం నుంచి పొండి అని అరుస్తూ కాల్చాడు. శ్రీనివాస్ ప్రాణం పోయింది, స్నేహితుడికి గాయమైంది, అడ్డుకోబోయిన 24 ఏళ్ల అమెరికన్ కుర్రాడికీ తూటా దిగింది. ఆ తర్వాత హంతకుడు మరో ఊళ్లో, ఇద్దరు ఇరానీయులను కాల్చానని చెప్పుకున్నాడు. తాను కాల్చినవాళ్లు ఏ దేశంవాళ్లో కూడా అతనికి తెలియదు.

ఇప్పుడు ఆ సాయంత్రాన్ని రెండు ముక్కలు చేసి చూడండి. మొదటిసారి తిట్టి, బయటికి గెంటించుకుని అతను ఇంటికి పోయి పడుకుని ఉంటే, ఆ మాటలకు అమెరికా చట్టంలో జైలు లేదు. తుపాకీ పట్టుకొచ్చాక అవే మాటలు అతని మీద సాక్ష్యమయ్యాయి. ఎందుకు కాల్చాడు, వాళ్లనే ఎందుకు ఎంచుకున్నాడు అన్నదానికి అతని నోరే జవాబు చెప్పింది. రాష్ట్ర కోర్టు 2018 మేలో యావజ్జీవం వేసింది, 50 ఏళ్లదాకా పెరోల్ లేదంది. కాన్సాస్‌లో విద్వేష నేరానికి విడిగా చట్టం లేకపోవడంతో ఫెడరల్ ప్రభుత్వం తన చట్టం కింద ఇంకో కేసు నడిపి, అదే ఏడాది ఆగస్టులో ఒకదాని తర్వాత ఒకటిగా మూడు యావజ్జీవాలు వేయించింది. నేను సమర్థించేది ఈ చట్టాన్ని. మనిషిని అతని పుట్టుక చూసి ఎంచుకుని కొడితే ఆ దెబ్బ ఒక్కడికే తగలదు, ఆ ఊళ్లో అలాంటి మొహం ఉన్న ప్రతివాడికీ తగులుతుంది, అందుకే శిక్ష ఎక్కువ ఉండాలి.

ఈ తేడాను అమెరికా సుప్రీంకోర్టు ఏడాది వ్యవధిలో ఇచ్చిన రెండు తీర్పుల్లో తేల్చింది. 1990లో మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌లో కొందరు కుర్రాళ్లు విరిగిన కుర్చీ కాళ్లకు టేపు చుట్టి శిలువలా చేసి, ఒక నల్లజాతి కుటుంబం ఇంటి ఆవరణలో రాత్రివేళ తగలబెట్టారు. శిలువ తగలబెట్టడమంటే అక్కడ నల్లవాళ్ల మీద దాడులు చేసిన కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి ముఠా హెచ్చరిక, చంపేస్తాం అని చెప్పడమే. నగర పాలకులు తమ విద్వేష చట్టం కింద కేసు పెడితే 1992లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే కొట్టేసింది. మొదట చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. కానీ కోర్టు ఆ పని సరైందని ఎక్కడా అనలేదు. అలాంటివాళ్లను శిక్షించడానికి బెదిరింపు, దహనం లాంటి వేరే చట్టాలు బోలెడున్నాయి, ఏ అభిప్రాయానికి శిక్ష, దేనికి లేదు అని ప్రభుత్వం ఏరి పెట్టకూడదు అంది. మరుసటి ఏడాది విస్కాన్సిన్ నుంచి వచ్చిన కేసులో, బాధితుణ్ణి జాతి చూసి ఎంచుకుని కొడితే శిక్ష పెంచొచ్చని జడ్జీలందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. ఆ కేసులో దెబ్బలు తిన్నది 14 ఏళ్ల తెల్ల పిల్లాడు, నేరం రుజువైంది నల్ల యువకుడి మీద. అంటే ఆ చట్టం ఒక వర్గం కోసం రాసింది కాదు, ఎవరు ఎవర్ని కొట్టినా వర్తిస్తుంది.

ఇక యూరప్. జర్మనీ శిక్షాస్మృతి 130వ సెక్షన్ కింద ఒక వర్గం మీద విద్వేషం రెచ్చగొడితే ఐదేళ్లదాకా జైలు. నాజీల చరిత్ర ఉన్న దేశం అలాంటి చట్టం పెట్టుకుంటే నేను తప్పుపట్టను. నా భయమల్లా మాటను శిక్షించడం అలవాటైన వ్యవస్థ అక్కడితో ఆగదని. హాంబర్గ్‌లో ఒక మంత్రిని ట్విట్టర్‌లో ఒక బూతుమాట అన్నందుకు 2021లో పోలీసులు ఇల్లు సోదా చేశారు. అక్కడ ఏ జాతి ప్రస్తావనా లేదు, నాయకుడికి కోపం వచ్చింది, అంతే. స్కాట్లాండ్‌లో కొత్త విద్వేష నేరాల చట్టం 2024 ఏప్రిల్ 1న అమల్లోకి వస్తే తొలి వారంలోనే 7 వేలకు పైగా ఆన్‌లైన్ ఫిర్యాదులు వచ్చాయి, పోలీసులు నేరాలుగా నమోదు చేసినవి 240. మిగతావన్నీ చదివి పక్కన పెట్టడానికి ఆ పోలీసుల సమయం ఎంత పోయి ఉంటుందో!

ఇది మనకు కొత్తేమీ కాదు. మనోభావాలు దెబ్బతిన్నాయి అనే మాట మీద మన దగ్గర ఎన్ని కేసులు నడవలేదు! మత మనోభావాలను గాయపరిస్తే శిక్షించడానికి 1927లో బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన 295ఎ సెక్షన్ నంబరు మార్చుకుని కొత్త న్యాయ సంహితలోనూ ఉంది. ఫేస్‌బుక్ పోస్టులకు అరెస్టులు చేయించిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేస్తే మనమే చప్పట్లు కొట్టాం. అలాంటిదే అమెరికాలో పెట్టమని అడిగితే రేపు దాన్ని వాడేది ఎవరు? ఎన్నికల్లో ఎవరు గెలిస్తే వాళ్లు. వలసవాళ్లంటే పడని ప్రభుత్వం చేతిలో ఆ చట్టం ఉంటే వీసా మీద ఉన్న మన పిల్లల పోస్టులే ముందు బయటికి తీస్తారు.

అయితే ఒక్కచోట నేనూ తటపటాయిస్తాను. 2024 జులైలో ఇంగ్లండ్‌లోని సౌత్‌పోర్ట్‌లో చిన్నపిల్లల హత్యలు జరిగాక, చేసినవాడు వలసవాడన్న పుకారు లేచినప్పుడు, శరణార్థులున్న హోటళ్లను తగలబెట్టండి అని ఒకావిడ ట్వీట్ పెట్టింది. కొద్దిగంటల్లో తీసేసింది, కానీ మూడు లక్షల మందికి పైగా చూశారు. వారం తిరక్కుండానే రోథర్‌హమ్‌లో అలాంటి ఒక హోటల్‌ను గుంపు చుట్టుముట్టి, లోపల మనుషులుండగా నిప్పు పెట్టబోయింది. ఆమెకు 31 నెలల శిక్ష పడింది. అమెరికాలో అయితే సుప్రీంకోర్టు 1969 నాటి తీర్పు ప్రకారం, ఆ మాట అప్పటికప్పుడే హింస జరిపించడానికి అన్నదీ, జరిపించే అవకాశం ఉన్నదీ అని రుజువు చేయాలి. ఆ ట్వీట్ ఆ కొలతకు అందుతుందో లేదో గట్టిగా చెప్పలేను. నన్నడిగితే ఆమెను వదిలేయకూడదు, కానీ 31 నెలలు ఎక్కువే.

మనం నిజంగా అడగాల్సినవి వేరే ఉన్నాయి. అమెరికాలో విద్వేష నేరాల లెక్కలు స్థానిక పోలీసులు తమకు ఇష్టమైతేనే ఎఫ్‌బీఐకి పంపుతారు, చాలా ఊళ్లు సున్నా అని రాసి పంపేస్తాయి. జార్జియాలాంటి పెద్ద రాష్ట్రంలో, పరుగెత్తుతున్న ఒక నల్ల యువకుణ్ణి వెంటాడి కాల్చి చంపాక, 2020లో గానీ గట్టి చట్టం రాలేదు. అక్కడి తెలుగు సంఘాలు వేదికల మీద శాలువాలు కప్పుకోవడంతో పాటు, దెబ్బలు తిన్న పిల్లాడి వెంట పోలీస్ స్టేషన్‌కు వెళ్లి, దాడి చేసినవాడు ఏమన్నాడో ఆ మాటలన్నీ రిపోర్టులో రాయించాలి. ఆ రాత్రి రాయించకపోతే తర్వాత కోర్టులో నిలబెట్టడం చాలా కష్టం.

మీ పత్రికకూ ఒక విన్నపం. మనవాళ్ల మీద దాడి జరిగితే మొదటి రోజు పెద్ద అక్షరాల్లో వేస్తారు, ఆ తర్వాత ఆ వార్త కనపడదు. ఏ అభియోగం పెట్టారు, విద్వేష నేరంగా నమోదు చేశారా లేదా, చివరికి కేసు ఏమైంది అనేది కొన్ని నెలల తర్వాతైనా తెలుసుకుని రాయండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత న్యాయవాది, హనుమకొండ