మంత్రి గారూ, ‘ఈ మాట ఎవరితో అంటున్నాం?’ అనే గడి ఆ ఫారంలో లేదు

భాషా పరిశోధన పథకాలు చూస్తున్న గౌరవనీయ మంత్రి గారికి,

నమస్కారాలు. ఇది నా నాలుగో లేఖ. మొదటిదానికి ‘పరిశీలనలో ఉంది’ అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. తర్వాతి రెండింటికీ అదీ రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఊళ్ళలో మాండలికాల వాక్యాలు సేకరించే పథకం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. నా గోడంతా అందులోని ఒకే ఒక్క ఫారం గురించి. మాండలికానికి వెయ్యి వాక్యాలు. ఇంగ్లీషులోనో హిందీలోనో ఉన్న వాక్యం మేం అర్థం చెబితే ఊళ్ళో మనిషి తన యాసలో చెప్పాలి. దాన్ని రికార్డు చేసి వరస నంబరు వేయాలి. చివర ‘అనువాదమైన వాక్యాల సంఖ్య’ అనే గడి నింపాలి. ఆ గడిలో అంకె ఎంతో బిల్లు అంత.

నేను పనిచేసేది సమాచార నిర్మాణం మీద. వినేవాడికి ముందే తెలిసిందేమిటి, కొత్తగా చెబుతున్నదేమిటి, ఊనిక ఏ మాట మీద పడాలి, వీటిని బట్టి వాక్యం ఎలా మారుతుందన్నదే ఆ చదువు. మీ ఫారంతో ఈ పని చేయడం కుదరదండీ. ఎందుకు కుదరదో శ్రీకాకుళం జిల్లాలో ఒక ముసలమ్మ నాకంటే బాగా చెప్పింది.

నాలుగు వందల వాక్యాల దాకా ఆమె ఓపిగ్గా చెప్పింది. ‘రవి నిన్న వచ్చాడు’ అనే వాక్యం దగ్గర ఆగి, “ఎవులితో అంతన్నావు బాబూ, ఈ మాట?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఫారంలోనూ లేదు. రవి కోసం ఎదురుచూస్తున్నవాళ్ళతో అంటే ఒక తీరు, ఇవాళ వచ్చాడనుకుంటున్నవాళ్ళతో అంటే ఇంకో తీరు. అంతలో మనవడు పరిగెత్తుకొచ్చి కోడిపిల్లను కుక్క ఎత్తుకుపోయిందన్నాడు. ఆమె విసురుగా “కుక్క కాదు, పిల్లే ఎత్తుకుపోయింది” అంది. ఆ వెంటనే కోడలి వైపు తిరిగి “తలుపు తీసింది నువ్వేనా?” అంది. ఆ రెండు మాటల్లో ఉన్నది ఆ నాలుగు వందల వాక్యాల్లో ఎక్కడా లేదు. ఒక్క ‘ఏ’ చేర్చి కుక్కను పక్కకు నెట్టి పిల్లిని ముందుకు తెచ్చింది. ‘తీశావు’ అనకుండా ‘తీసింది’ అని, తలుపు తీయడం అందరికీ తెలిసిన సంగతే, తేలాల్సింది ఎవరు తీశారన్నదేనని చెప్పింది. ఆ పూట రికార్డును మీ తనిఖీవాళ్ళు ‘విషయానికి సంబంధం లేనిది’ అని కొట్టేశారు. ఆ పూట కూలి కూడా కోసేశారు.

మంత్రి గారూ, మన తెలుగులో మాటల వరస అటూ ఇటూ మారుతుంది. ‘రవి పండు తిన్నాడు’, ‘పండు రవి తిన్నాడు’, ‘పండు తిన్నది రవి’, ‘రవే తిన్నాడు’, ‘రవి పండూ తిన్నాడు’, ‘తిన్నాడు రవి’. జరిగింది ఒకటే, చెప్పే సందర్భాలు వేరు. ప్రశ్నలోనూ అంతే. ‘రవి నిన్న వచ్చాడా?’ అన్నప్పుడు రావడం గురించి అడుగుతున్నాం. ‘నిన్ననా రవి వచ్చింది?’ అంటే వచ్చాడని తెలుసు, ఎప్పుడన్నదే సందేహం. మగవాడి పేరు పక్కన కూడా క్రియ ‘వచ్చింది’ అయిపోతుంది. ఇంగ్లీషు వాక్యం ముందు పెట్టి తెలుగు చేయమంటే ఇవేవీ బయటికి రావు. ప్రతివాళ్ళూ ‘రవి నిన్న వచ్చాడు’ అనే చెబుతారు. వెయ్యి వాక్యాలూ ఒకే అచ్చులో పోసినట్టు వస్తాయి.

మరి ఎలా సేకరించాలని మీ అధికారి ఒకరు ఫోన్‌లో అడిగారు. అడిగినందుకు సంతోషించి ఆరు పేజీలు రాసి పంపాను. చదివారో లేదో తెలియదు కాబట్టి ఇక్కడ క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. ఒకే బొమ్మ చూపించి మూడు ప్రశ్నలు అడగాలి: ఏం జరిగింది? రవి ఏం తిన్నాడు? పండు ఎవరు తిన్నారు? ప్రశ్న మారితే గొంతు ఎక్కడ లేస్తుందో కొలవాలి. ఇందులోనూ చిక్కుంది. మనవాళ్ళు తెలిసిన ముక్క వదిలేస్తారు. ‘ఎవరు తిన్నారు?’ అంటే ‘రవి’ అని ఊరుకుంటారు, వాక్యమే రాదు. కాబట్టి కావాలనే తప్పుగా అడగాలి. ‘సీతేగా తిన్నది?’ అంటే అప్పుడు ‘కాదు, తిన్నది రవి’ అని దిద్దుతారు. మనం దేని కోసం చూస్తున్నామో పసిగట్టకుండా మధ్యమధ్య సంబంధం లేని బొమ్మలు కలపాలి, వరస మార్చాలి.

జర్మనీలో పోట్స్‌డామ్ పరిశోధకులు సరిగ్గా ఈ పని కోసమే బొమ్మలతో, ఆటలతో ఒక ప్రశ్నావళి తయారుచేసి 2006లో బయటపెట్టారు. అమెరికాలో భాషాశాస్త్రవేత్త వాలెస్ చేఫ్ బృందం 1975లో ఆరు నిమిషాల చిన్న సినిమా తీసింది. అందులో మాటలుండవు. జామకాయల్లాంటి బేరి పళ్ళు కోసే మనిషి, బుట్ట ఎత్తుకుపోయే పిల్లాడు. చూసినవాళ్ళు చూడనివాళ్ళకు కథ చెప్పాలి. కొత్త మనిషిని కథలోకి ఎలా తెస్తారు, రెండోసారి ఏమని పిలుస్తారన్నది అందులో తేలుతుంది. స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో, గ్లాస్గో పరిశోధకులు ఇద్దరికి చెరో పటం ఇచ్చి, ఒకరి దారిని ఇంకొకరు గీసేలా మాట్లాడించారు. రెండు పటాల్లో గుర్తులు కొన్ని కలవవు. అందుకని అడుగడుగునా అడగాలి, దిద్దాలి. మన పల్లెలో చెరువు, గుడి, మర్రిచెట్టు వేసి అలాంటి పటం గీయడానికి ఎంత ఖర్చవుతుంది చెప్పండి?

ఇదంతా విదేశీ మోజు అనుకోకండి. వందేళ్ళ కిందట మన దేశ భాషల మీద గ్రియర్సన్ చేసిన సర్వేలో ప్రతి భాషలోకీ బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథ అనువాదం చేయించారు. దాంతో సరిపెట్టకుండా, అనువాదం కాని స్థానిక కథనమో కబురో ఇంకొకటి కూడా అడిగారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది. అది రైతుల నోట విన్న వ్యవసాయ పదాల సంపుటం. పదాలు అలా దొరికాయి. వాక్యాలు మాత్రం మనం ఇంకా ఇంగ్లీషులోంచి దింపుకుంటున్నాం.

ఫారం మారుస్తామని, దసరా లోపల కొత్తది వస్తుందని సమావేశంలో అందరి ముందూ చెప్పారు. రెండు దసరాలు వెళ్ళిపోయాయి.

డబ్బు ఎక్కువ అడుగుతున్నామని మీకు చెప్పి ఉంటారు. గొంతు కొలిచే ప్రాట్, రికార్డుకు మాటలు జోడించే ఎలాన్, రెండూ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లే. ఖర్చల్లా మనుషుల సమయానికే. పది నిమిషాల సంభాషణను అక్షరం పొల్లుపోకుండా రాసి, ఏది తెలిసింది, ఏది కొత్తది అని గుర్తులు పెట్టడానికి మాకు ఒక రోజంతా పడుతుంది. ఆ రోజు మీ లెక్కలో ‘వాక్యాలు: 0’. ఊళ్ళో మనిషి నాట్ల రోజుల్లో కూలి మానుకుని మా ఎదురుగా కూర్చుంటాడు. అతనికి రెండు వందలు ఇవ్వాలంటే బ్యాంకు వోచరు కావాలంటారు. ఆ ముసలమ్మకు ఖాతా లేదు. నా జేబులోంచి ఇచ్చాను, ఇస్తాను కూడా. కానీ నా దగ్గర పనిచేసే ఇద్దరు పిల్లలకు ఐదు నెలలుగా స్టయిపెండు రాలేదు. వాళ్ళలో ఒకమ్మాయి ఇంటి అద్దె టెన్షన్‌తో పరిశోధన మానేస్తానంటోంది. ఆమెకేం చెప్పాలో నాకు తోచడం లేదు.

2022లో కేంద్ర ప్రభుత్వపు యంత్రానువాద వేదిక భాషిణి మొదలైంది. యంత్రాలకు మన భాషలు నేర్పుతున్నాం, సంతోషం. ఈ అనువాదపు వాక్యాలే వాటికీ పోస్తే ‘నువ్వేనా?’కీ ‘నువ్వా?’కీ తేడా ఆ యంత్రానికి ఎలా తెలుస్తుంది?

అయ్యా, ఫారంలో ఒక గడి చేర్చండి. ఈ మాట ఎవరితో, దేనికి జవాబుగా అన్నారో రాసుకునే చోటు ఇవ్వండి. సంభాషణను నిమిషాల్లో లెక్కించనివ్వండి. ఆగిన స్టయిపెండు విడుదల చేయించండి. ఇవి పెద్ద కోరికలు కావు. మూడుసార్లు అడిగినవే మళ్ళీ అడుగుతున్నాను, దయచేసి ఫారం మార్చండి.

ఆ ముసలమ్మకు ఎనభై దాటాయి. పోయినసారి వెళ్ళినప్పుడు, “మళ్ళీ ఎప్పుడొస్తావు బాబూ, ఈసారి కథలు చెబుతాను” అంది. సంక్రాంతి లోపల వెళ్ళాలనుకుంటున్నాను. కథలు రికార్డు చేసుకోవచ్చని ఒక్క ముక్క రాసి పంపండి.

ఇట్లు,
ఒక భాషాశాస్త్ర పరిశోధకుడు