గుట్టు ఎవరిది, లెక్క ఎవరిది?

అనంతపురం,
ఆదివారం రాత్రి.

ఒరే సీనా,

మొన్న ఫోన్లో "మీ ఊళ్లో ప్రైవసీ ఎవడికి కావాలిరా, పింఛన్ ఒకటో తేదీకి చేతికొస్తే చాలు కదా" అనేసి, మీటింగుందని పెట్టేశావు. నీతో ఫోన్లో వాదించడం నా వల్ల కాదు, సగంలోనే మాట అందుకుంటావు. అందుకే కూర్చుని రాస్తున్నా. ఇప్పుడు అడ్డం రా చూద్దాం.

ముందు ఒక సంగతి చెప్పనీ. ఆ మాట నీ సొంతం కాదు. 2017లో సుప్రీంకోర్టులో ప్రభుత్వం తరఫున ఇలాంటి వాదనే వినిపించారు. పేదలున్న దేశంలో సంక్షేమం ముందు, ప్రైవసీ పైవర్గాల ముచ్చట అని. అది పుట్టస్వామి గారి కేసు. కర్ణాటక హైకోర్టు జడ్జిగా చేసి రిటైరైన మనిషి, ఎనభై దాటిన వయసులో, 2012లో ఆధార్ మీద కోర్టుకెక్కాడు. మన వైపు ఆ వయసులో ఎవరైనా కోర్టుకు పోతానంటే ఇంట్లో వాళ్లే "నీకెందుకయ్యా ఈ గోల" అని కూర్చోబెడతారు. తొమ్మిది మంది జడ్జీలు విన్నారు. 2017 ఆగస్టు 24న అందరూ ఒక్క మాటగా ప్రైవసీ ప్రాథమిక హక్కే అన్నారు. పేదోళ్లకు అది అక్కర్లేదన్న వాదన నిలబడదని తీర్పులోనే రాశారు. ఆ పెద్దాయన 2024లో, 98 ఏళ్లకు పోయారు. నువ్వేమో ఇంకా ఓడిపోయిన వకీలు మాటే పట్టుకుని తిరుగుతున్నావు.

ఇక మా ఊరి సంగతి. నా జిరాక్స్ షాపు కలెక్టరేట్ దగ్గరే కదా. ఒక సోమవారం, గ్రీవెన్స్ రోజు, నా పక్కన స్టూలు వేసుకుని కూర్చో. కళ్యాణదుర్గం, గుంతకల్లు, తాడిపత్రి బస్సుల్లో జనం అర్జీలు పట్టుకుని దిగుతారు. ప్రతి అర్జీకీ ఆధార్ జిరాక్స్, రేషన్ కార్డు జిరాక్స్, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ. దేనికి ఏది కావాలో చెప్పేవాళ్లు లేరు, అందుకని అన్నీ. ఓటీపీ వస్తే అవ్వ ఫోన్ నా చేతికే ఇస్తుంది, "చూడు నాయనా" అని. వెనక నిలబడినోడు దాన్ని గట్టిగా చదివి సాయం చేస్తాడు. సరిగా పడని కాపీలు నేనైతే చించేస్తా, అందరూ చించరు. సాయంత్రం మిరపకాయ బజ్జీలు తెచ్చుకుంటే, పొట్లం కాగితం మీద ఎవరిదో ఆధార్ నంబరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, నూనె మరకల మధ్య ఫోటో.

వీళ్లకు గుట్టు అక్కర్లేదంటావు. ఖాతాలో ఎంతుందో కోడలికి తెలియకూడదని పాస్‌బుక్కు నా సొరుగులో దాచిపోయే అవ్వలున్నారు నాకు. ఏది ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో వాళ్లకు మీ ఆఫీసు మేనేజర్ల కంటే బాగా తెలుసు. కిటికీ అవతలి మనిషి అడిగితే మాత్రం వద్దనలేరు, అంతే.

2022 మేలో ఒక తమాషా జరిగింది, గుర్తుందా? ఆధార్ సంస్థ వాళ్ల ఆఫీసు, అదీ మీ బెంగళూరుదే, ఒక ప్రకటన ఇచ్చింది. ఆధార్ జిరాక్స్ ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వకండి, చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి అని. రెండు రోజులకే ఢిల్లీ నుంచి ఇంకో ప్రకటన: జనం అపార్థం చేసుకునేట్టున్నారు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాం అని. నా బేరం నిలబడింది, బాగానే ఉంది. ఆ సలహాలో అపార్థం చేసుకోవడానికి ఏముందో మాత్రం ఈ రోజుకీ నాకు తెలియలేదు.

వేలిముద్రలది ఇంకో తలనొప్పి. భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీది ముద్రలు దింపుకుని, నకిలీ వేళ్లు తయారు చేసి, ఆధార్‌తో డబ్బు తీసే మిషన్లలో ఖాతాలు ఖాళీ చేసిన కేసులు నువ్వూ పేపర్లో చూసే ఉంటావు. దానికి విరుగుడు బయోమెట్రిక్ లాక్ అంటారు. లాక్ చేస్తే రేషన్ షాపులో వేలు పడదు. నెలనెలా లాక్ తీసి, బియ్యం తెచ్చుకుని, మళ్లీ వేసుకోవాలంటే ఆ అవ్వ నా షాపులోనే కాపురం పెట్టాలి.

సరే, నువ్వు ట్రైనింగుకు పోయొచ్చిన డేటా చట్టం, అదే మన వ్యక్తిగత వివరాలను కాపాడతామని తెచ్చిన చట్టం దగ్గరికి వస్తా. సుప్రీంకోర్టు జడ్జిగా చేసి రిటైరైన శ్రీకృష్ణ గారి కమిటీ 2018లో ముసాయిదా ఇచ్చింది, 2019లో బిల్లు, 2022లో దాని వాపసు, 2023 ఆగస్టులో చట్టం, 2025 నవంబరులో రూల్సు. కంపెనీల మీద పడే అసలు బాధ్యతలు 2027 మేలో గానీ మొదలవ్వవు. "ఇక అంతా సేఫ్" అన్నావే, ఆ సేఫ్ ఇంకా దారిలో ఉంది.

మంచేమీ లేదనను. మన వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి, అక్కర తీరాక చెరిపేయాలి. డేటా బయటపడితే మనకు చెప్పాలి, ఈ చట్టం కింద ఫిర్యాదులు చూసే డేటా రక్షణ బోర్డుకు 72 గంటల్లో వివరాలివ్వాలి. జాగ్రత్త పడని కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా. ఆ డబ్బు పోయేది ప్రభుత్వ ఖజానాకు. నష్టపోయిన మనిషికి పైసా రాదు. ఐటీ చట్టంలో 43ఎ సెక్షన్ కింద పరిహారం అడిగే దారి ఒకటుండేది, ఈ చట్టం దాన్ని కూడా మూసేస్తోంది. పైగా ఫిర్యాదు పనికిమాలినదని తేలితే మనకే 10,000 దాకా జరిమానా! కోర్టు పక్షి ఎవడైనా ఉంటే వాడికి పెట్టాల్సిందే అనుకో. కానీ మా సోమవారం జనానికి ఈ సంగతి చెబితే ఫిర్యాదు రాయించుకోవడానికి ఒక్కరు రారు.

నా అసలు కోపం వేరే. ఈ చట్టం బరువంతా ఒక్క బటన్ మీద పెట్టారు, "ఒప్పుకుంటున్నాను" అనే దాని మీద. నొక్కకపోతే పని జరగదని తెలిసినప్పుడు ఎవడు నొక్కడు? ప్రభుత్వ పథకాలకైతే ఆ బటన్ కూడా అక్కర్లేదు. సబ్సిడీకో సర్టిఫికెట్టుకో ఇదివరకు ఇచ్చిన వివరాలను మళ్లీ అడగకుండా వాడుకునే వీలు ఏడో సెక్షన్‌లో ఉంది. దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో ఏ ప్రభుత్వ సంస్థనైనా చట్టం నుంచే మినహాయించవచ్చని పదిహేడో సెక్షన్‌లో ఉంది. తన కమిటీ రాసినదాన్ని మార్చి 2019 బిల్లులో ఇలాంటి మినహాయింపులు పెట్టినప్పుడు శ్రీకృష్ణ గారే బయటికొచ్చి ఇది ప్రమాదం అన్నారు. ఇప్పుడు బోర్డులో మెంబర్లను వేసేదీ కేంద్రమే.

బటన్ వల్ల కానిది ఇంకో రకంగా అవుతుంది, లోన్ యాప్‌ల సంగతి చూడు. లాక్‌డౌన్ రోజుల్లో ఐదు వేలో పది వేలో తీసుకున్న పిల్లల ఫోన్లలోంచి కాంటాక్టులన్నీ గుంజుకుని, కట్టకపోతే మేనమామలకూ క్లాస్‌మేట్లకూ మార్ఫింగ్ ఫోటోలు పంపారు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రాణాలు పోయాయి. వాళ్లందరూ "ఒప్పుకుంటున్నాను" నొక్కినవాళ్లే. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఏం చేసింది? అప్పిచ్చే యాప్ ఫోన్లోని కాంటాక్టులు, కాల్ లిస్టు, ఫోటోలు ముట్టుకోకూడదంది. నువ్వు ఒప్పుకున్నావా లేదా అన్న ప్రశ్నే రానివ్వలేదు. దొంగ యాప్‌లు ఇంకా ఉన్నాయి, నిజమే. కానీ ఫలానా యాప్ తప్పు చేస్తోందని చెప్పడానికి ఇప్పుడు ఒక గీత ఉంది. నాకు కావలసింది ఆ రకం చట్టం. అడిగి తీసుకో అనడం చాలదు, ఇది తీసుకోనే కూడదు అనాలి.

ఇప్పుడు బండ్లపల్లి గురించి. నార్పల మండలం బండ్లపల్లి, మనకు కూతవేటు. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి దేశం మొత్తానికి ఉపాధి హామీ పథకాన్ని అక్కడే మొదలుపెట్టారు. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టం తెచ్చింది, ఆ గొడవ ఇంకో ఉత్తరంలో. నేను చెప్పేది సామాజిక తనిఖీ గురించి. ఊళ్లో అందరి ముందు మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ చదువుతారు, ఫలానా వాడు ఇన్ని రోజులు పని చేశాడు, ఇంత కూలి ముట్టింది అని. చచ్చిపోయినోడి పేరు వినపడిందంటే గుంపులోంచి ఎవరో ఒకరు లేస్తారు, "వాడు పోయి ఏడాదాయె కదా, కూలి ఎవడు తిన్నట్టు?" అని. దొంగ మస్టర్లు బయటపడింది ఇట్లానే. రాజస్థాన్‌లో కూలీలు తొంభైల్లో ఇట్లా లెక్కలు చదివించుకుంటూ పోరాడితేనే 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది.

అదే పథకంలో ఇంకోటి జరిగింది. 2017లో బెంగళూరులోని ఒక పరిశోధన సంస్థ, సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ, నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లు పరిశీలించింది. వాటిలో రెండు మన రాష్ట్రానివి, ఉపాధి కూలి చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది ఒకటి. నాలుగింటిలో కలిపి 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు ఎవరికైనా కనపడేట్టు పడి ఉన్నాయని అంచనా వేసింది. బ్యాంకు ఖాతా నంబర్లు కూడా. 2023 జనవరి నుంచి పని దగ్గర కూలీల ఫోటోలు రోజుకు రెండుసార్లు యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు, ఆ ఫోటోలూ వెబ్‌సైట్లో అందరికీ కనపడ్డాయి. చెరువు కట్ట మీద పని చేసే ఆడవాళ్లు ఎండలో కొంగు నెత్తిన వేసుకుని నిలబడిన ఫోటోలు ఏ ఊరోడైనా చూసుకునే వీలుండేది.

ఎవరికి ఎంత కూలి ముట్టిందన్నది జనం డబ్బు లెక్క, అది చావిడిలో చదవాలి. ఆధార్ నంబరు, ఖాతా నంబరు, ముఖం ఆ మనిషివి, అవి ఎవరికీ కనపడకూడదు. ఇది బండ్లపల్లిలో ఎవర్ని అడిగినా చెబుతారు. మన చట్టం చేసిందేమిటో చూడు. సమాచార హక్కు చట్టంలో 8(1)(జె) అని ఉంది. వ్యక్తిగత సమాచారమైనా సరే, ప్రజా వ్యవహారంతో సంబంధం ఉంటేనో, ప్రజాప్రయోజనం ఉంటేనో అక్కడే ఇవ్వమనేది. శాసనసభకు కాదనలేనిది మామూలు మనిషికీ కాదనకూడదనే మాట కూడా ఉండేది. డేటా చట్టం 44(3)తో అదంతా కొట్టేసి, "వ్యక్తిగత సమాచారం ఇవ్వక్కర్లేదు" అన్నంత చిన్న వాక్యం మిగిల్చారు. తమాషా ఏమంటే, కంపెనీలకు 2027 దాకా గడువిచ్చిన చట్టమే ఈ ముక్కను 2025 నవంబరులో రూల్సుతో పాటే అమల్లో పెట్టింది!

8(2) మిగిలే ఉంది కదా, ప్రజాప్రయోజనం ఎక్కువుంటే ఇవ్వచ్చు కదా అంటావు. ఉంది. నేను సమాచార హక్కు అర్జీలు టైపు చేసిచ్చేవాణ్ణి, ఆ గుమస్తాలు నాకు తెలుసు. ఇవ్వకపోవడానికి ఒక్క వాక్యం దొరికితే ఇవ్వడానికి ఇంకో సెక్షన్ వెతికి తీసే ఓపిక ఎవరికుంటుంది? ఒక ఆఫీసులో ఇప్పటికే మస్టర్ కాపీ అడిగితే "పర్సనల్" అని రాసిచ్చారు. అప్పీలుకు పోతున్నాం. ఆన్‌లైన్‌లో రాసిన మాటలకు కేసులు పెట్టే ఐటీ చట్టం 66ఎ సెక్షన్ని సుప్రీంకోర్టు 2015లో కొట్టేస్తే, ఇంకా ఎక్కడా దాని కింద కేసులు నడపొద్దని 2022లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. పై కోర్టు మాట కింది కుర్చీ దాకా దిగడానికి అంత కాలం పట్టే దేశంలో 8(2)ను నమ్ముకోమంటావా?

పిల్లల సంగతి అడిగావు. ఈ డేటా చట్టం ప్రకారం పద్దెనిమిది లోపు వాళ్ల వివరాలు తీసుకోవాలంటే అమ్మానాన్నల అనుమతి రుజువు కావాలట. మా వీధిలో అమ్మానాన్నల ఫోన్లు నడిపేది ఆ పిల్లలే. అనుమతి ఎవరు ఎవరికి ఇస్తారో నువ్వే ఊహించుకో. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు నుంచి పదహారు లోపు వాళ్లకు సోషల్ మీడియా ఖాతాలే లేవన్నారు. అక్కడెట్లా నడుస్తుందో చూసి మాట్లాడదాం, తొందరేముంది.

ఒక్కటి మాత్రం నీతో ఒప్పుకుంటా, వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలందించే మన మిత్ర బాగుంది. 2025 జనవరిలో మొదలైనప్పటి నుంచి సర్టిఫికెట్ల కోసం తిరిగే తిరుగుడు తగ్గింది, నా బేరం కూడా కొంచెం తగ్గిందనుకో. కానీ ఆ వాట్సాప్ నడిపే మెటా మీదే, 2021లో ప్రైవసీ పాలసీని జనం నెత్తిన రుద్దిందని, కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో 213 కోట్ల జరిమానా వేసింది. కుల సర్టిఫికెట్టుకు, ఆదాయ సర్టిఫికెట్టుకు ఆ గుమ్మం దగ్గర నిలబడేటప్పుడు ఆ గుమ్మం ఎవరిదో కూడా ఒకసారి చూడాలి కదా.

ఇప్పుడు నీతో పని. వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెబుతూ మీ కంపెనీ జనానికి ఇవ్వాల్సిన నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఏ భాషలో కావాలన్నా ఇవ్వాలని చట్టంలో ఉంది, అంటే తెలుగులో కూడా. అది ఎవరో మిషన్‌తో తర్జుమా చేసి పడేస్తారు, నువ్వు చూడకుండా సంతకం పెడతావు, నీ సంగతి తెలియదా నాకు. అట్లా చేయకు. చిత్తు ప్రతి తయారవగానే ఒక కాపీ నాకు పంపు. సోమవారం జనానికి చదివి వినిపిస్తా, ఎక్కడ అర్థం కాలేదో గుర్తు పెట్టి తిప్పి పంపుతా. ఫీజేమీ వద్దు. వాట్సాప్‌లో మాత్రం పంపకు, నా ఫోన్ షాపులో పది మంది చేతుల్లో తిరుగుతుంటుంది. పోస్టులో పంపు.

చెల్లెమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ రమణ